నూట అరవై రెండు

డిసెంబర్ 2, మంగళవారం

బీపీ పెరిగిందని డాక్టరు అరవొద్దన్నాడు. అంగట్లో అరవొద్దు, ఇంట్లో అరవొద్దు, ఫోన్లో అసలే వద్దు, కోపం వస్తే ఎక్కడైనా రాసుకోండి అన్నాడు. ఆయనకేం, ఏసీ గదిలో కూర్చుని ఎన్నయినా చెబుతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. క్యారమ్ బోర్డుల కంపెనీవాడు జనవరిలో ఇచ్చిన డైరీ పదకొండు నెలలుగా ఖాళీగా పడి ఉంది. అందులో రాస్తున్నాను. దీన్ని ఎవరూ చదవకూడదు, ముఖ్యంగా మా ఆవిడ నాగరత్న చదవకూడదు. ఆమె గురించి కూడా రాయాల్సి వస్తుంది.

ఇవాళ్టి కోపం లోహిత మీద. ఇరవై ఎనిమిదేళ్లుగా తిరుపతిలో ఆటసామాన్ల అంగడి నడుపుతున్నాను. బ్యాటుంది, బంతుంది, షటిలుంది, ఏమీ చేతగానివాడికి చదరంగం ఉంది. నా కూతురికి మాత్రం వీటిలో ఒక్కటీ నచ్చలేదు. మంచు మీద జారే ఆట కావాలి. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు కాశ్మీరు తీసుకెళ్లి కాళ్లకు స్కీలని రెండు చెక్కలు కట్టారు. అప్పటినుంచీ ఈమె నేల మీద లేదు.

పోయిన ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో అద్దె స్కీలు వేసుకుంది. ఆ అద్దె అంగడివాడు మనిషిని తలెత్తి చూడకుండా చేతికందిన జత ఇచ్చేశాడు. ఆమె కంటే పొడుగువి. పడినప్పుడు బూటును వదిలేయాల్సిన కొక్కెం వదల్లేదు. మోకాలు మెలి తిరిగింది. ఆరు నెలలు ఇంట్లో కుంటింది. ఈ ఏడాదిలో ఆ అద్దె అంగడివాణ్ణి నేను తిట్టుకోని రోజు లేదు.

ఇప్పుడు మళ్లీ వెళ్తుందట. ఫిబ్రవరి పన్నెండున అక్కడే జట్టు ఎంపిక. మోకాలు చూసిన డాక్టరు వెళ్లొచ్చన్నాడు కానీ అద్దె స్కీలు మాత్రం తాకొద్దన్నాడు. సొంత జత ఉండాలి, ఆమె కొలతకు సరిపోవాలి. నాగరత్న ఒకటే మాట చెప్పింది. ఇదే ఆఖరుసారి, జట్టులోకి తీసుకోకపోతే ఈ ఆట ఇంతటితో సరి, తర్వాత పెళ్లి. లోహిత ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే కదా. స్కీలు నేనే ఎంచి కొంటానని చెప్పాను. ఆటసామాను ఎంచడం నాకు ఇంకొకరు నేర్పాలా.

డిసెంబర్ 4, గురువారం

నేను మంచు చూడలేదని లోహిత రెండుసార్లు గుర్తు చేసింది. నాకు ఈత కూడా రాదు. ఈత కళ్లద్దాలు అమ్మడం లేదా.

డిసెంబర్ 7, ఆదివారం

చిత్తూరు నుంచి హరినాథ్ వచ్చాడు. నాగరత్న తమ్ముడు. ఇన్సూరెన్సులు కట్టిస్తాడు, సంబంధాలు చూస్తాడు, బండి కొన్నవాళ్లకు నంబరు కూడితే తొమ్మిది వస్తుందో లేదో చెబుతాడు. మూడూ ఒకే సంచీలో పెట్టుకుని తిరుగుతాడు.

లోహితకు సంబంధం తెచ్చాడు. నగరిలో మరమగ్గాల వాళ్లట. ఒక్కడే కొడుకు, చెన్నైలో ఉద్యోగం, ఆరడుగుల మనిషి. అమ్మాయి బయోడేటా అడిగారట. నా దస్తూరి బాగుంటుంది కాబట్టి నేనే రాశాను. ఎత్తు దగ్గర కలం ఆగింది. ఐదడుగులో, ఆ పైన కొంచెమో. హరినాథ్ ఐదడుగుల నాలుగంగుళాలు వెయ్యమన్నాడు.

"రెండంగుళాలు చెప్పులవి బావా, ఒకటి జడది, ఒకటి మన మర్యాదది. అందరూ రాసేదే."

అందరూ రాసేదే. బరువు యాభై అని రాశాను. అభిరుచులు వంట, సంగీతం. సంగీతం ఎక్కడ నేర్చుకుందని అడిగితే, ఫోన్లో పాటలు వింటుంది కదా అన్నాడు.

లోహితకు ఇంకా చెప్పలేదు. దీన్ని దాచడం అనరు. స్కీల గొడవ తేలాక నిదానంగా చెబుతాం. కాగితం నకలు బీరువాలో పెట్టాను.

డిసెంబర్ 11, గురువారం

రెండు చెక్కలకు ఇన్ని రకాలు పెట్టినవాణ్ణి పట్టుకుని అడగాలి. నడుమ సన్నగా ఉంటే గట్టి మంచుకట. వెడల్పుగా ఉంటే లోతు మంచుకట. మూతి పైకి లేచి ఉంటే మెత్తటి మంచులో దిగబడవట. సులువుగా వంగేవి నేర్చుకునేవాళ్లకు, బిగువుగా ఉండేవి ఆరితేరినవాళ్లకు. లోహితకు ఇవన్నీ ఒక్క జతలోనే కావాలి. అక్కడ కొండ పొద్దున గచ్చులా ఉంటుందట, మధ్యాహ్నానికి సంగటి అయిపోతుందట, చెట్లలోకి మళ్లితే మోకాలి లోతు పొడి మంచు ఉంటుందట. ఒకే రోజులో మూడు జతలు మార్చడం కుదరదు కాబట్టి మూడింటికీ పనికొచ్చేది ఒకటి. దాన్ని ఆల్ మౌంటెన్ అంటారు. అన్ని కొండలకూ అన్నమాట.

అన్నిటికీ పనికొచ్చేవి నేను కూడా అమ్ముతాను. క్రికెట్టుకు, షటిలుకు, పరుగుకు కలిపి ఒకటే బూటు. మూడు నెలల్లో అడుగు ఊడిపోతుంది. కొన్నవాడు వచ్చి అరుస్తాడు, నేను కంపెనీవాడి మీద అరుస్తాను. అందుకే ఆ మాట వింటేనే నాకు అనుమానం.

ఫోన్లో ఒక గడ్డపాయన ఇంగ్లీషులో స్కీల గురించి చెబుతుంటాడు. తొమ్మిది వీడియోలు చూశాను. ఒకదాంట్లో మెచ్చుకున్నదాన్ని ఇంకోదాంట్లో తిడతాడు. నా దగ్గర పని చేసి ఉంటే మధ్యాహ్నానికల్లా పంపించేసేవాణ్ణి.

డిసెంబర్ 12, శుక్రవారం

నీలం జత. ఖాయం.

డిసెంబర్ 13, శనివారం

నీలంది కాదు. గడ్డపాయన మాట మార్చాడు.

డిసెంబర్ 15, సోమవారం

ఎర్ర జత. నడుమ ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు. లోహిత ఎనభై నాలుగు చాలంది. నాలుగు మిల్లీమీటర్లంటే రెండు అగ్గిపుల్లల మందం. దానికోసం సాయంత్రమంతా వాదించింది. వెడల్పు ఎక్కువైతే గట్టి మంచులో అంచు మీద నిలవాలంటే మోకాలికి పని పెరుగుతుందట. సరే, మోకాలి పేరు చెబితే నేనేం అనగలను. ఎర్రది కూడా పోయింది.

డిసెంబర్ 18, గురువారం

మనాలిలో ఠాకూర్ అనే ఆయన స్కీలు అమ్ముతాడని తెలిసి ఫోన్ చేశాను. నాకొచ్చిన హిందీ కొండ మీదికొచ్చే యాత్రికులతో బేరమాడి నేర్చుకున్నది. ఆయన ఓపికున్న మనిషి. నల్లజత ఒకటి ఉందన్నాడు, నడుమ ఎనభై నాలుగు, అన్ని రకాల మంచుకూ పోతుంది అన్నాడు.

నేను బ్యాటును తట్టి వినకుండా ఎవరికీ అమ్మను. మంచి చెక్క మోగుతుంది, చచ్చిన చెక్క దబ్బుమంటుంది. అందుకని ఫోను దగ్గర పెట్టుకుని ఆ స్కీని వేలితో తట్టమన్నాను. ఆయన ఎందుకని రెండుసార్లు అడిగాడు. తర్వాత తట్టాడు. మూతి దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, తోక దగ్గర ఒకసారి. మూడుసార్లూ ఫోను గరగరమంది తప్ప ఇంకేమీ వినపడలేదు. బాగుందని చెప్పాను. లోహిత వంటింట్లోంచి అంతా విని తల పట్టుకుంది.

డిసెంబర్ 20, శనివారం

తిరుచానూరులో పూలమ్మే మునెమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు బ్యాటు కావాలి. నాలుగో నంబరు సరిపోయే పిల్లకు ఆరో నంబరు ఇమ్మంటుంది.

"పెరిగే బిడ్డ గదన్నా, రెండేండ్లు వస్తాది."

నా అంగట్లో ఆ పప్పులుడకవు. గుమ్మం పక్కన గోడ మీద అడుగులు, అంగుళాలు గీసి పెట్టాను. ఎంత పెద్దింటి బిడ్డ అయినా ఆ గోడకు ఆని నిలబడాలి, ఆ గీత ఏం చెబితే ఆ బ్యాటే ఇస్తాను. కన్నవాళ్లు చెప్పే ఎత్తు చెవిన వేసుకోను. ప్రతి తల్లికీ తన బిడ్డ రెండంగుళాలు ఎక్కువే. పొడుగు బ్యాటు పట్టిన పిల్ల మణికట్టు చెడుతుంది, రెండు నెలల్లో ఆటే మానేస్తుంది. ఈ మాట మునెమ్మకు అరవకుండా చెప్పాను. నాలుగో నంబరే ఇచ్చి పంపాను.

డిసెంబర్ 22, సోమవారం

ఠాకూర్‌తో తనే మాట్లాడతానంది లోహిత. వద్దన్నాను. బేరం తెలియని పిల్ల, పాత సరుకు అంటగడతాడు. అప్పటికీ ఊరుకోలేదు. వేసుకునేది నేను కదా నాయనా అంది. నాకు కోపం వచ్చి లేచి అంగడికి వచ్చేశాను. సోమవారం పొద్దున ఏడింటికి ఏ అంగడి తీస్తారు.

నిజం రాసుకోవడానికే కదా ఈ పుస్తకం. పోయినసారి ఆమె పడ్డప్పుడు నేను ఇక్కడ ఎవడికో టెన్నికాయిట్ రింగులు కట్టి ఇస్తున్నాను. ఫోన్ మోగితే తర్వాత చేస్తానని పెట్టేశాను. ఈసారి ఆ చెక్కలు నా చేతి మీదుగా పోవాలి. అంతే, ఇందులో మొండితనం ఏమీ లేదు.

డిసెంబర్ 28, ఆదివారం

ఆర్డరు పెట్టేశాను. హమ్మయ్య.

ఠాకూర్ మధ్యాహ్నం ఫోన్ చేసి ఎత్తు, బరువు, వయసు, ఎంతవరకు నేర్చుకుంది, ఇవన్నీ చెప్పమన్నాడు. కొలత వాటిని బట్టే పంపుతాడట. లోహిత మోకాలి వ్యాయామానికి వెళ్లింది. అడగడానికి మనిషి లేదు, ఆయన ఫోన్లో ఉన్నాడు. బీరువాలో కాగితం ఉంది కదా. తీసి చదివాను. ఐదడుగుల నాలుగంగుళాలు, యాభై కిలోలు. ఎంతవరకు నేర్చుకుందంటే బాగా అని చెప్పాను. నా కూతుర్ని నేను తక్కువ చేసి చెబుతానా.

అయితే నూట యాభై ఆరు సెంటీమీటర్లదైనా, నూట అరవై రెండుదైనా సరిపోతుంది, మీ ఇష్టం అన్నాడు. హరినాథ్ పక్కనే భోజనం చేస్తున్నాడు. వేళ్లు మడిచి, నూట యాభై ఆరు కూడితే మూడు, నూట అరవై రెండు కూడితే తొమ్మిది బావా అన్నాడు. తొమ్మిదికి మించిన అంకె లేదు. నూట అరవై రెండు చెప్పాను.

సాయంత్రం లోహితకు కొలత చెప్పలేదు. ఆర్డరు పెట్టానన్నాను. సరే అంది. ఇన్నాళ్లకు వాదించకుండా ఒప్పుకుంది.

డిసెంబర్ 30, మంగళవారం

వైకుంఠ ఏకాదశి. ఊరంతా జనం. అంగడి ముందు చెప్పుల గుట్ట. పార్సెలు రాదు, ఎవరూ ఫోన్ ఎత్తరు.

జనవరి 6, మంగళవారం

ఇదే డైరీలో జనవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. వారాలు కొట్టేసి దిద్దుకుంటున్నాను.

నగరి నుంచి కబురు వచ్చింది. అబ్బాయి తల్లి చంద్రకాంతమ్మ నాగరత్నతో మాట్లాడింది. ఫొటో నచ్చిందట, అబ్బాయి పొడుగు కాబట్టి ఎత్తు చూసి మరీ సంతోషించారట. ఫిబ్రవరిలో చూడడానికి వస్తామన్నారు. నాగరత్న రెండు రోజులుగా పాటలు పాడుకుంటూ ఉంది. లోహితకు ఎప్పుడు చెబుతావని అడిగితే నువ్వే చెప్పు అంది. నేనెందుకు చెబుతాను.

జనవరి 17, శనివారం

పార్సెలు యాడ ఉందో ఆ భగవంతుడికే తెలియాలి. మనాలిలో బయల్దేరింది నిజం. ఢిల్లీ దాటింది నిజం. తర్వాత గాలిలో కలిసింది.

జనవరి 24, శనివారం

రేణిగుంట గోడౌన్లోనే ఉంది, ఎనిమిది రోజులుగా. పొడుగ్గా ఉందని ఒక మూల నిలబెట్టి, ఏ వరసలో రాయాలో తెలియక ఎందులోనూ రాయలేదట. నేను వెళ్తే అక్కడి మనిషి తట్టి చూపించి, "ఏందప్పా ఇవి, పల్లకీ కర్రలా?" అని అడిగాడు. కోపం మింగుకుని ఆటోలో అడ్డంగా పెట్టుకుని తెచ్చాను.

అంగట్లో విప్పాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. నాగరత్న వచ్చి రెండు మూతులకూ పసుపు, కుంకుమ పెట్టింది. నిమ్మకాయ తొక్కించాలంటే వీటికి చక్రాలు లేవే అని దిగులుపడింది. లోహితకు ఫోన్ చేసి రమ్మన్నాం.

వచ్చింది. నవ్వుతూ వచ్చింది, అది నేను మర్చిపోను. ఒక స్కీ తీసి పక్కన నిలబెట్టుకుంది. దాని మూతి ఆమె నుదుటి దగ్గరికి రావాలట, ఆ సంగతి నాకు ఇవాళ తెలిసింది. తల దాటి ఇంకో నాలుగు వేళ్లు పైకి పోయింది. నవ్వు ఆగిపోయింది. తిప్పి కొలత చదివింది.

ఎత్తు ఎంతని చెప్పావని అడిగింది. చెప్పాను. ఆ లెక్క ఎక్కడిదని అడిగింది. నేను బంతుల డబ్బా సర్దుతున్నాను. నాగరత్న ఏదో చెప్పబోయి ఇంకేదో చెప్పి, చివరికి కాగితం అని అనేసింది. ఏ కాగితం అంటే ఇక దాచడానికి ఏముంది. ఇంటికి వెళ్లి బీరువాలోంచి తానే తెచ్చుకుంది. అంగట్లో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివింది, వంట, సంగీతం కూడా.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేను కూడా అరిచేవాణ్ణి. కాగితం మడిచి గల్లాపెట్టె మీద పెట్టింది.

"నువ్వు రాసిన ఆ పిల్లకి ఇవి సరిగ్గా సరిపోతాయి నాయనా. ఆ పిల్లనే పంపించు."

వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక కూర్చుంటే ఎదురుగా నా గోడే కనపడింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. ఊళ్లో పిల్లలందరినీ ఆ గీతల దగ్గర నిలబెట్టాను, నా బిడ్డను నిలబెట్టలేదు. ఏడాదిగా ఆ అద్దె అంగడివాణ్ణి తిట్టాను. వాడు మనిషిని చూడకుండా పొడుగు జత ఇచ్చాడు. నేను ఇరవై ఒక్కేళ్లు చూసి కూడా పొడుగు జతే ఇచ్చాను. వాడికంటే నేనే పెద్ద వెధవను.

జనవరి 25, ఆదివారం

మాట్లాడలేదు.

జనవరి 26, సోమవారం

మాట్లాడలేదు. భోజనం కూడా తన గదిలోనే. నాగరత్న నన్ను చూస్తుంది, నేను నాగరత్నను చూస్తాను. పెళ్లి సంగతి ఎప్పుడో ఒకప్పుడు తెలియాల్సిందే కదా అంది. నాకు ఒళ్లు మండింది. ఆ మాట నెల రోజులుగా నేను నాకే చెప్పుకుంటున్నాను, ఆమె నోట వింటే ఎంత చెత్తగా ఉందో తెలిసింది.

జనవరి 27, మంగళవారం

ఠాకూర్‌కు ఫోన్ చేసి కొలత తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. తోక దగ్గర కొంచెం కోయించవచ్చా అని అడిగాను. ఆయన వద్దు భాయీసాబ్ అన్నాడు. తిరిగి పంపితే మారుస్తాడట, కానీ అటు పోయి ఇటు రావడానికి నెల పడుతుంది. ఎంపికకు ఇంకా పదహారు రోజులే ఉన్నాయి. ఆమె బయల్దేరాల్సింది ఐదో తేదీన.

అద్దెవి వేసుకోకూడదు. ఇవి సరిపోవు. ఈసారి వెళ్లకపోతే ఇంట్లో పెట్టిన షరతు ప్రకారం ఆట అయిపోయినట్టే. మంచం మీద ఆరు నెలలు ఆ మోకాలిని రోజుకు మూడుసార్లు వంచి, పళ్లు బిగబట్టి, మళ్లీ వంచి బాగు చేసుకుంది. నేను ఒక్క కాగితంతో చెడగొట్టాను. ఏడుపు వచ్చింది. అంగట్లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

జనవరి 29, గురువారం

పొద్దున ఆమె గది తలుపు దగ్గర నిలబడి తప్పు నాదే అన్నాను. ఎత్తు విషయంలోనా, కాగితం విషయంలోనా అని లోపల్నుంచి అడిగింది. రెండిటిలోనూ అన్నాను. కాసేపటికి తలుపు తీసింది. అంగడికి రమ్మన్నాను, ఎందుకో అడగకుండానే వచ్చింది.

చెప్పులు విప్పి గోడకు ఆని నిలబడింది. నెత్తి మీద స్కేలు పెట్టి గీత చూశాను. ఐదడుగుల అరంగుళం. ఠాకూర్ లెక్కలో నూట యాభై నాలుగు సెంటీమీటర్లు.

ఇక ఆమే ఫోన్ చేసింది. పది నిమిషాలు హిందీలో మాట్లాడింది, నవ్వింది కూడా. ఎక్కడెక్కడ ఏ వాలు మీద ఎలా తిరుగుతుందో చెప్పింది, పోయిన ఏడాది మోకాలి సంగతి చెప్పింది, బాగా అని కాదు, మధ్యరకంగా వచ్చు అని చెప్పింది. బరువు యాభై ఏడు అంది. నేను తలెత్తి చూశాను. ఫోను పక్కకు పెట్టి నాకు చెప్పింది, కొక్కెం ఎంత బిగించాలో బరువును బట్టి పెడతారట, యాభై అని పెడితే వేగంగా తిరిగేటప్పుడు మధ్యలోనే ఊడిపోతుందట. ఆ కొక్కెం సంగతి నాకు తెలిసి కూడా తోచలేదు.

ఠాకూర్ దగ్గర నూట యాభైది ఒక జత ఉంది. బూడిద రంగు. అదే నడుమ, ఎనభై నాలుగు. ఒక సీజను అందరికీ వేసి చూపించడానికి వాడిన జత, అక్కడక్కడా గీతలున్నాయి. వాడినవి కొంటావా అని నోటిదాకా వచ్చింది. ఆగాను. ఎనిమిదో తేదీన ఠాకూర్ మనిషి సామానుతో గుల్మార్గ్ వెళ్తాడట, అక్కడే చేతికిస్తాడు. లోహిత ఒప్పుకుంది. నేను దేన్నీ తట్టించలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

రేణిగుంటలో రైలెక్కించాను. మోకాలి పట్టీలు, మందులు, పచ్చళ్లు, అన్నీ నాగరత్న రెండుసార్లు చూపించింది. బండి కదిలేముందు లోహిత నన్ను పక్కకు పిలిచింది. తాను తిరిగొచ్చేలోగా ఆ కాగితం సంగతి తేల్చమంది. గట్టిగా చెప్పలేదు, మామూలుగానే చెప్పింది. తల ఊపాను.

ఫిబ్రవరి 7, శనివారం

తేల్చాలి. ఇవాళ అంగట్లో రద్దీ.

ఫిబ్రవరి 8, ఆదివారం

రద్దీ ఏమీ లేదు నిన్న. అబద్ధం రాశాను. 

ఇవాళ చంద్రకాంతమ్మే ఫోన్ చేసింది. ఇరవై రెండున చూడడానికి వస్తాం, పాప ఊళ్లోనే ఉంటుంది కదా అని అడిగింది. నాగరత్న ఎదురుగా కూరగాయలు తరుగుతోంది. స్పీకర్ పెట్టి ఉంది. హరినాథ్ అయితే ఇలాంటప్పుడు ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తాడు. నాకు ఆ విద్య ఒక్క కాగితంతోనే అరిగిపోయింది.

"అమ్మా, ఆ కాగితంలో ఎత్తు నేనే ఎక్కువ రాసినాను. మా పాప ఐదడుగుల అరంగుళం. బరువు యాభై ఏడు. సంగీతం రాదు. మంచు మీద జారే ఆట ఆడతాది, ఇప్పుడు ఆడికే పోయుండాది."

ఆమె మర్యాదగా వింది. పెళ్లయ్యాక ఆ ఆట మానేస్తుంది కదా అని అడిగింది.

"అది పాపనే అడగాల తల్లీ. ఆ పాప తరఫున నేను ఇంక ఏదీ రాయను, చెప్పను."

మళ్లీ చేస్తామంది. నాగరత్న కత్తిపీట పక్కకు పెట్టి లోపలికి వెళ్లింది. అరగంటలో హరినాథ్ ఫోన్. అరవొద్దని డాక్టరు చెప్పింది నాకు మాత్రమే కాబట్టి వాడు కడుపునిండా అరిచాడు. నేను విన్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం

వద్దన్నారట. ఎత్తుకు కాదట, మాట మార్చినందుకట. వాళ్లదీ తప్పు కాదు.

బాధపడాలి. మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. నాగరత్న మాట్లాడకుండా వడ్డించింది. మూడోసారి కూడా వడ్డించబోయింది, అది కోపమో ప్రేమో తెలియలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

స్కీలు చేతికొచ్చాయని లోహిత ఫొటో పంపింది. పక్కన నిలబెట్టుకుని దిగింది. మూతి సరిగ్గా నుదుటి దగ్గరికి వచ్చింది. కొక్కెం బిగించేటప్పుడు బరువు అడిగారట, యాభై ఏడని చెప్పిందట.

ఇక్కడ నూట అరవై రెండువి అంగట్లో బ్యాట్ల పక్కన నిలబడి ఉన్నాయి. ఇవాళ నలుగురు ఇవేంటని అడిగారు. నలుగురికీ చెప్పాను. నాలుగోవాడికి చెప్పేటప్పుడు కొంచెం అరిచాను.

ఫిబ్రవరి 12, గురువారం

తొమ్మిది. ఫోన్ లేదు.

పదకొండు. లేదు. నాగరత్న గుడికి వెళ్లొచ్చింది. ఏం మొక్కుకున్నావని అడిగితే పడకుండా ఉండాలని అంది. గెలవాలని మొక్కుకోలేదా అంటే ప్రసాదం నా చేతిలో పెట్టేసింది.

ఒంటిగంట. షటిల్ రాకెట్ కొనడానికి వచ్చినవాడికి టెన్నిస్ రాకెట్ ఇచ్చి పంపాను. మళ్లీ వచ్చి మార్చుకుపోయాడు.

మూడు. ఈ మనుషులకు ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగం.

ఐదింటికి చేసింది. మొదటి మోతకే ఎత్తాను. పడ్డావా అని అడిగాను, పడలేదంది. మోకాలు ఎలా ఉందంటే బాగుందంది. అప్పుడు చెప్పింది. ఆరో స్థానం. నలుగుర్నే తీసుకున్నారు.

స్కీలు ఎలా ఉన్నాయని అడిగాను.

"బాగుండాయి నాయనా. గట్టి మంచులో నిలిచినాయి, మెత్తట్లో తేలినాయి, యాడ తిప్పితే ఆడ తిరిగినాయి. నా కాళ్లే ఇంకా చాలల్యా."

ఆమె ఏడుస్తుంటే నాకు తెలుస్తుంది. కాగితం సంగతి చెప్పాను, ఎత్తు నిజం చెప్పేశానని, వాళ్లు వద్దన్నారని. అవతల నవ్వింది. ఏడుపులోంచే నవ్వింది. పోయిన ఫిబ్రవరి తర్వాత ఆ పిల్ల అలా నవ్వడం నేను వినలేదు.

నవ్వడం అయ్యాక, అమ్మ పెట్టిన షరతు గుర్తుంది అంది. ఇంక మానేయాలా అని అడిగింది. నాగరత్న నా పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం వైపు చూడలేదు. చూస్తే మాట మారిపోతుందని భయం వేసింది.

"వచ్చే ఏడాదికి ఏం కావాలో చెప్పు," అన్నాను.

నాగరత్న పక్కకు జరిగింది. ఆమెతో రేపు వాదన ఉంది, బీపీ మాత్ర ముందే వేసుకోవాలి. లోహిత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. స్కీలు ఇవే చాలట. సొంత బూట్లు కావాలట. అద్దె బూటు వదులుగా ఉండి మలుపు దగ్గర మడమ లేచిపోయిందట, అక్కడే వెనకబడిందట. కొలత ఎంతని అడిగాను. పాదం ఇరవై మూడున్నర సెంటీమీటర్లు అంది. ఉండు, రాసుకుంటున్నాను అన్నాను.

"ఇరవై నాలుగని రాయొద్దు నాయనా," అంది.

ఇరవై మూడున్నర అనే రాశాను.